కెరటోకోనస్: సీ3ఆర్, లెన్స్, గ్రాఫ్ట్‌లలో ఏది ఎవరికి

కెరటోకోనస్, అంటే కంటి ముందున్న కార్నియా పొర పలచబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు అని డాక్టరు చెప్పగానే ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి మాట, "ఆపరేషన్ చేస్తే పూర్తిగా పోతుందా సార్?" అని. అడగడంలో తప్పు లేదు. కానీ ఆ ఒక్క ప్రశ్నలో రెండు పనులు కలగలిసి ఉన్నాయి. జబ్బు ముదరకుండా ఆపడం ఒక పని. తగ్గిపోయిన చూపును తిరిగి తెచ్చుకోవడం ఇంకో పని. సీ3ఆర్, అంటే చుక్కలూ కిరణాలతో కార్నియాను గట్టిపరిచే చికిత్స, మొదటి పని చేస్తుంది, రెండోది పెద్దగా చేయదు. లెన్స్ రెండోది చేస్తుంది, మొదటిది అసలు చేయదు. ఈ రెండింటికీ లొంగని దశకు చేరిన కంటికి గ్రాఫ్ట్, అంటే దాత ఇచ్చిన కార్నియా పెట్టడం. ఈ తేడా ముందే తెలిస్తే, సీ3ఆర్ చేయించుకుని "ఇంత ఖర్చు పెట్టినా చూపు రాలేదే" అని కుమిలిపోయే పరిస్థితి రాదు.

నా ఎడమ కంటికి గ్రాఫ్ట్ అయింది. కుడి కంటికి సీ3ఆర్ చేయించుకుని, ఇప్పుడు స్క్లెరల్ లెన్స్ అనే పెద్ద లెన్స్ పెట్టుకుంటున్నాను. ఉండేది అనంతపురంలో. ఈ మూడింటితోనూ బతుకుతున్నాను కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. కర్నూలు, అనంతపురం, కడప లాంటి చోట్ల ఉండేవాళ్లు చికిత్స పేరు చూసి ఎంచుకోకూడదు. ఆ చికిత్స తర్వాత ఎన్నాళ్లు తిరగాలి, ఎంత దూరం తిరగాలి, తోడు ఎవరొస్తారు, ఆ చుక్కలూ ఆ శుభ్రతా ఇంట్లో సాగుతాయా అన్నది చూసి ఎంచుకోవాలి.

ముదురుతోందా, ఆగిపోయిందా

కార్నియా కంటి ముందుభాగంలో అద్దంలాంటి పారదర్శక పొర. మామూలుగా మధ్యలో దాని మందం 540 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, అంటే అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. కెరటోకోనస్‌లో అది పలచబడుతూ, లోపలి ఒత్తిడికి ముందుకు పొడుచుకొస్తుంది. వెలుతురు ఒక చోట చేరక చెదిరిపోతుంది. రాత్రి హైవే మీద ఎదురొచ్చే లారీ లైట్లు రెండు కాస్తా గుంపుగా కనబడతాయి, బోర్డు మీది అక్షరాలకు నీడలు వస్తాయి. సాధారణంగా పదిహేనేళ్లు అటూ ఇటూ వయసులో మొదలై, ముప్పై అయిదు, నలభై వచ్చేసరికి చాలామందిలో దానంతట అదే నెమ్మదిస్తుంది. ఎంత చిన్న వయసులో మొదలైతే అంత వేగంగా ముదిరే ప్రమాదం.

ఏటా సిలిండర్ పవర్, అంటే కార్నియా వంపు అన్ని వైపులా సమంగా లేనప్పుడు వచ్చే నంబరు, మారుతుంటే అనుమానించాలి. నాకు ఒక కళ్లద్దాల షాపులో ప్రతి ఏడూ నంబరు మార్చి కొత్త అద్దాలు చేతిలో పెట్టారే తప్ప, కార్నియా చూపించుకోమని ఒక్కరూ అనలేదు. తేల్చే పరీక్ష కార్నియల్ టోపోగ్రఫీ, అంటే కార్నియా ఆకారాన్ని కొలిచే స్కాన్. అది తీసే ఒక మెషీన్ పేరుతో పెంటాకామ్ అని కూడా అంటారు. నొప్పి ఉండదు, గడ్డం ఆనించి లైటు వంక చూస్తే కొద్ది క్షణాల్లో అయిపోతుంది. ఒక్క స్కాన్‌తో జబ్బు ఉందని తెలుస్తుంది గానీ, ముదురుతోందో లేదో తెలియాలంటే కొన్ని నెలల తేడాతో తీసిన రెండు స్కాన్‌లు పక్కపక్కన పెట్టి చూడాలి. అందుకే ప్రతి స్కాన్ ప్రింటు అడిగి తీసుకుని ఒకే ఫైల్లో దాచండి. ఆసుపత్రి మారినప్పుడు ఆ ఫైలే మీ తరఫున మాట్లాడుతుంది. గట్టి లెన్సులు వాడేవాళ్లు స్కాన్‌కు ముందు రెండు మూడు వారాలు వాటిని మానాలి, లేకపోతే లెన్స్ ఒత్తిడికి కార్నియా ఆకారం మారి స్కాన్ తప్పు చూపిస్తుంది.

చికిత్స ఏదైనా ముందు మానాల్సింది కళ్లు నలపడం. మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. వేరుశనగ నూర్పిళ్ల దుమ్ము, బేతంచెర్ల వైపు నాపరాళ్ల పాలిషింగ్ పొడి, మే నెల వడగాలి, వీటన్నిటికీ కన్ను దురదపెడుతుంది, చెయ్యి దానంతట అదే వెళ్లిపోతుంది. పిడికిలి కీళ్లతో గట్టిగా నలిపే అలవాటు కార్నియాకు చాలా చెడ్డది. దురదకు మూలం ఎలర్జీ అయితే దానికి చుక్కలు వాడి తగ్గించుకోవాలి. ఎలర్జీ అదుపులో లేకుండా సీ3ఆర్ చేయించుకుని, మళ్లీ నలుపుకుంటూ కూర్చుంటే పెట్టిన డబ్బు వృథా.

కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలకు ఒక మాట. అద్దాలు లేకుండా చూపు రావాలని లేసిక్, అంటే కార్నియాను లేజర్‌తో చెక్కే ఆపరేషన్ చేయించుకోవాలనుకుంటే, ముందు టోపోగ్రఫీ తప్పనిసరి. కెరటోకోనస్ ఉన్న కంటికి లేసిక్ చేస్తే, అసలే పలచగా ఉన్న పొరను ఇంకా చెక్కినట్టు అవుతుంది. అది ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి.

సీ3ఆర్ ఎప్పుడు

కొల్లాజెన్ క్రాస్ లింకింగ్‌నే మన దగ్గర సీ3ఆర్ అంటారు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో రూపుదిద్దుకున్న పద్ధతి, 2003లో దాని ఫలితాలు ప్రచురించారు. కార్నియా పైపొర తీసి, రైబోఫ్లేవిన్ చుక్కలు అరగంట వేసి, తర్వాత అతినీలలోహిత కిరణాలు పడేలా చేస్తారు. లోపలి పోగుల మధ్య కొత్త బంధాలు ఏర్పడి కార్నియా గట్టిపడుతుంది. కిరణాల సమయాన్ని తగ్గించిన వేగవంతమైన పద్ధతులు కూడా ఇప్పుడు వాడుతున్నారు. పైపొర తీయకుండా చేసే పద్ధతీ ఉంది గానీ, తీసి చేసేదానికే ఎక్కువ ఏళ్ల ఆధారం ఉంది.

స్కాన్‌లలో ముదురుతున్నట్టు కనబడితే, వయసు తక్కువైతే, ఆలస్యం చేయకుండా చేయించుకోవాల్సింది ఇదే. పిల్లల్లో అయితే ఇంకో స్కాన్ కోసం ఏడాది ఆగడం కూడా ప్రమాదమే, డాక్టరు చేద్దామంటే వెంటనే ఒప్పుకోండి. మామూలు పద్ధతికి కార్నియా మందం కనీసం 400 మైక్రాన్లు ఉండాలి. వాయిదా వేసుకుంటూ పోతే ఈ తలుపు మూసుకుపోతుంది, పలచబడిన కంటికి ప్రత్యేక ద్రావణాలతో చేయాల్సి వస్తుంది, లేదా అసలు కుదరదు. మొదటి రెండు మూడు రోజులు నొప్పి, నీళ్లు కారడం బాగా ఉంటాయి. కంటికి కట్టులా పనిచేసే బ్యాండేజ్ లెన్స్ పెట్టి పంపుతారు. కొన్ని వారాలు చూపు ఇంకా మసకగా ఉంటుంది, భయపడొద్దు. పరీక్షలు, ఇంటర్వ్యూలు దగ్గర్లో ఉన్నప్పుడు పెట్టుకోవద్దు.

నలభై దాటి, కొన్నేళ్లుగా స్కాన్‌లో మార్పు లేనివాళ్లకు సాధారణంగా సీ3ఆర్ అవసరం పడదు. వాళ్లు నేరుగా లెన్స్ సంగతి చూసుకోవచ్చు.

అద్దాలు, లెన్సులు

జబ్బు తొలిదశలో కళ్లద్దాలతో నడిచిపోతుంది. నడిచినంతకాలం అదే మంచిది. అద్దాలతో బోర్డు అక్షరాలు తేటపడకపోతే లెన్సుల దగ్గరికి రావాలి. కెరటోకోనస్ ఉన్నవాళ్లలో చాలామందికి గ్రాఫ్ట్ అవసరమే రాదు, లెన్సులతోనే జీవితం సాగిపోతుంది. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకు పదేపదే చెప్పాలి, ఎందుకంటే లెన్స్ అంటే తాత్కాలికం, ఆపరేషన్ అంటే శాశ్వతం అని వాళ్ల నమ్మకం.

ఆర్‌జీపీ అంటే గాలి ఆడే గట్టి చిన్న లెన్స్. నేరుగా కార్నియా మీద కూర్చుంటుంది. ధర తక్కువ, చూపు చాలా తేటగా వస్తుంది. కెరటోకోనస్ ఆకారానికి తగ్గట్టు చేసిన రోజ్ కె లాంటి రకాలూ ఉన్నాయి. కానీ దుమ్ము కణం ఒక్కటి కిందికి చేరిందా, రోడ్డు మధ్యలో బండి ఆపి కూర్చోవాల్సిందే. ఏసీ గదిలో ఉద్యోగం చేసేవాళ్లకు, విద్యార్థులకు ఆర్‌జీపీతో సరిపోవచ్చు. పొలం పనికి, బైకు మీద ఊళ్లు తిరిగే పనికి, క్వారీల్లో పనిచేసేవాళ్లకు నేను దాన్ని సిఫారసు చేయను.

స్క్లెరల్ లెన్స్ పెద్దది. కంటి తెల్లగుడ్డు మీద ఆనుకుని, కార్నియాను తాకకుండా పైన వంపుగా నిలుస్తుంది. మధ్యలో సెలైన్ నిండి ఉంటుంది. దుమ్ము లోపలికి పోదు, గాలికి కదలదు, పడిపోదు. అనంతపురం గాలికి ఇంతకంటే మంచి లెన్స్ నాకు కనిపించలేదు. ఖరీదు మాత్రం ఆర్‌జీపీకి కొన్ని రెట్లు, రెండు మూడేళ్లకోసారి మార్చుకోవాల్సి రావచ్చు. సరిగ్గా అమర్చే నిపుణులు పెద్ద నగరాల్లోనే దొరుకుతారు, కొలతలు కుదిరేదాకా ఒకటికి రెండుసార్లు వెళ్లాల్సి వస్తుంది.

పెట్టుకోవడం చూసి కొందరు భయపడతారు, అందుకే వివరంగా రాస్తాను. ముందు ఫ్యాన్ ఆపాలి, లేకపోతే సెలైన్‌లో నూగు పడుతుంది. సబ్బుతో చేతులు కడిగి, నూగు రాలని గుడ్డతో తుడుచుకోవాలి. లెన్స్ చిన్న గిన్నెలా ఉంటుంది. దాన్ని రబ్బరు ప్లంజర్ మీద నిలబెట్టి అంచు దాకా సెలైన్ నింపాలి. టేబుల్ మీద అద్దం పడుకోబెట్టి, ముఖం పూర్తిగా కిందికి వంచి, రెండు చేతుల వేళ్లతో రెప్పలు విడదీసి, లెన్స్‌ను నేరుగా పైకి తేవాలి. సెలైన్ తగలగానే కన్ను చల్లగా అవుతుంది, కొంత చెంప మీదుగా కారుతుంది. అప్పుడు మెల్లగా వదలాలి. లోపల గాలిబుడగ మిగిలితే అద్దంలో గుండ్రంగా కనబడుతుంది, చూపు మధ్యలో మచ్చ పడినట్టుంటుంది. తీసి మళ్లీ నింపి పెట్టుకోవాల్సిందే. అలవాటైతే పళ్లు తోముకున్నంత మామూలు పని. మధ్యాహ్నానికి కొందరికి లోపల మబ్బు కమ్ముతుంది, ఒకసారి తీసి కొత్త సెలైన్‌తో పెట్టుకుంటే పోతుంది.

ఏ లెన్స్ అయినా నీళ్లతో కడగకూడదు. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు సరే, ఆర్వో క్యాన్ నీళ్లు కూడా పనికిరావు. నీళ్లలో ఉండే అకాంతమీబా అనే క్రిమి కార్నియాను తినేస్తే ఆఖరికి గ్రాఫ్ట్ కూడా కష్టమవుతుంది. లెన్స్ పెట్టుకుని నిద్రపోకూడదు.

ఇన్‌టాక్స్ లాంటి ప్లాస్టిక్ రింగులు కార్నియాలో అమర్చే పద్ధతి కూడా ఉంది. మచ్చ పడని, మధ్యస్థ దశలో ఉన్న కంటికి ఆకారాన్ని కాస్త సరిచేసి లెన్స్ కుదరడానికి సాయపడుతుంది. చెన్నైకి చెందిన డాక్టర్ సూసన్ జేకబ్ ప్లాస్టిక్‌కు బదులు దాత కార్నియా కణజాలంతోనే ఈ రింగులు చేసే కెయిర్స్ పద్ధతిని తెచ్చారు. అందరికీ పనికొచ్చేవి కావు, మీ కంటికి నప్పుతాయని డాక్టరు తానుగా అంటేనే ఆలోచించండి.

గ్రాఫ్ట్ దాకా వస్తే: డాల్కా, పీకేనా

లెన్స్ ఏదీ నిలవకపోతే, కార్నియా మధ్యలో మచ్చ పడితే, లేదా ఒక్కసారిగా లోపలి పొర చిట్లి కార్నియాలోకి నీరు చేరి కన్ను తెల్లబడి, అది మానాక మచ్చ మిగిలితే గ్రాఫ్ట్ మాట వస్తుంది. ఆ నీరు చేరడాన్ని హైడ్రాప్స్ అంటారు. హైడ్రాప్స్ వచ్చిన వెంటనే గ్రాఫ్ట్ చేయరు, ముందు చుక్కలతో తగ్గనిస్తారు. తగ్గాక కొందరికి లెన్సే సరిపోతుంది కూడా.

రెండు రకాలున్నాయి. పీకేలో కార్నియా మధ్యభాగాన్ని అన్ని పొరలతో సహా తీసి దాత కార్నియా కుడతారు. డాల్క్‌లో లోపలి పలచటి పొరనూ, దాన్ని అంటి ఉండి కార్నియాను తేటగా ఉంచే ఎండోథీలియం కణాలనూ మీవే ఉంచి, పైభాగం మాత్రం మారుస్తారు. శరీరం గ్రాఫ్ట్‌ను తిప్పికొట్టడంలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఆ ఎండోథీలియం మీద జరిగే దాడి. డాల్క్‌లో ఆ కణాలు మీవే కాబట్టి ఆ భయం లేదు. స్టెరాయిడ్ చుక్కలు త్వరగా మానొచ్చు, కుట్లు కూడా ముందే తీయొచ్చు, కన్ను కాస్త గట్టిగానూ ఉంటుంది. ఆపరేషన్ మాత్రం సర్జన్‌కు కష్టం. లోపలి పొర మధ్యలో చిరిగితే అక్కడికక్కడే పీకేగా మార్చాల్సి వస్తుంది, ఆ మేరకు ముందే సంతకం తీసుకుంటారు. హైడ్రాప్స్ వచ్చిన కంట్లో ఆ పొర అప్పటికే చిట్లి ఉంటుంది కాబట్టి ఎక్కువగా పీకేనే చేస్తారు.

లోపలి పొర బాగుంటే డాల్కే అడగండి. పల్లెలో ఉండి ప్రతి చిన్న మార్పుకీ నగరానికి పరుగెత్తలేనివాళ్లకు దాని విలువ ఇంకా ఎక్కువ. "సార్, నా కంటికి డాల్క్ కుదురుతుందా, కుదరకపోతే ఎందుకు?" అని అడిగితే ఏ మంచి డాక్టరూ విసుక్కోరు. పీకే అన్నారని దిగులు పడక్కర్లేదు. కార్నియా మార్పిడుల్లో కెరటోకోనస్‌కు చేసేవి బాగా నిలిచేవాటిలో ఒకటి, పదేళ్ల తర్వాత కూడా ఎక్కువ భాగం పారదర్శకంగానే ఉంటాయి. కాకపోతే ఇరవై ఏళ్ల వయసులో చేయించుకున్నవాళ్లకు జీవితంలో ఇంకోసారి అవసరం పడొచ్చు. లెన్స్‌తో గడుస్తున్నంతకాలం గ్రాఫ్ట్‌ను వెనక్కి నెట్టమనడానికి ఇదే కారణం.

గ్రాఫ్ట్ అయ్యాక అద్దాలు అక్కర్లేదనే ఆశ పెట్టుకోవద్దు. కుట్ల బిగుతు వల్ల సిలిండర్ పవర్ మిగులుతుంది. చాలామందికి అద్దాలు, కొందరికి మళ్లీ స్క్లెరల్ లెన్సే కావాల్సి వస్తుంది. చూపు నిలకడపడటానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది.

దాతకూ మీకూ బ్లడ్ గ్రూపు కలవాల్సిన పని మామూలుగా ఉండదు. కార్నియాను కొనడం, అమ్మడం చట్టరీత్యా నేరం. ఐ బ్యాంకు పరీక్షలకు, భద్రపరచడానికి అయ్యే ఖర్చు మాత్రం తీసుకుంటారు. కార్నియా దొరగ్గానే ఫోన్ చేసి రమ్మంటారు, కొన్ని ద్రావణాల్లో అది నాలుగు రోజులే నిలుస్తుంది. ఫోన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి.

ఎక్కడ చేయించుకోవాలి

కర్నూలు వాళ్లకు ఊళ్లోనే ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, మొదటి పరీక్ష అక్కడ మొదలుపెట్టొచ్చు. హైదరాబాద్ సుమారు 210 కిలోమీటర్లు, పొద్దున బస్సెక్కి రాత్రికి ఇల్లు చేరొచ్చు. అక్కడి ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 1987 నుంచి నడుస్తోంది, సొంత ఐ బ్యాంకు ఉంది, డబ్బు కట్టలేనివాళ్లను ఉచితంగా చూసే పద్ధతి ఉంది. అనంతపురం వాళ్లకు లెక్క వేరు. హైదరాబాద్ 360 కిలోమీటర్ల దూరం, బెంగళూరు దాదాపు 215. బెంగళూరులో ప్రభుత్వ మింటో ఆసుపత్రి, నారాయణ నేత్రాలయ ఉన్నాయి. పుట్టపర్తి సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో కంటి విభాగం ఉచితం. కడప నుంచి తిరుపతి 140 కిలోమీటర్లు, అక్కడ అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది. చెన్నై శంకర నేత్రాలయ ఇంకాస్త దూరం.

సీ3ఆర్‌కు, లెన్స్‌కు దూరం పెద్ద అడ్డంకి కాదు. ఏ నగరంలో మంచివాళ్లుంటే అక్కడికి వెళ్లండి. గ్రాఫ్ట్‌కు మాత్రం పేరున్న రెండు చోట్లలో దగ్గర ఉన్నదే ఎంచుకోండి. మొదటి వారాల్లో తరచుగా, తర్వాత నెలలకోసారి, కుట్లు తీసేదాకా ఏడాదికి పైగా తిరగాలి. పరీక్షకు కనుపాప పెద్దది చేసే చుక్కలు వేస్తే ఒంటరిగా బస్సెక్కడం కష్టం, తోడు వచ్చేవాళ్ల కూలి కూడా పోతుంది. రాత్రి కన్ను ఎర్రబడితే తెల్లారేసరికి చేరగలిగేంత దూరంలో సర్జన్ ఉండాలి. దగ్గర్లోని కంటి డాక్టరుతో ముందే మాట్లాడి పెట్టుకోండి, కంటి ఒత్తిడి చూడటం లాంటివి ఊళ్లోనే అయిపోతాయి.

ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీకు చెప్పిన చికిత్స ఆ ఆసుపత్రిలో వర్తిస్తుందా అని చేరకముందే ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్లను అడగండి. ఆపరేషన్ ఖర్చు తప్పినా నెలనెలా చుక్కల మందులు, ప్రయాణాలు మన జేబులోంచే. గ్రాఫ్ట్ ఖర్చు అంటే అవి కూడా కలిపే లెక్కవేసుకోవాలి.

గ్రాఫ్ట్ తర్వాత ఇంట్లో

స్టెరాయిడ్ చుక్కలు తగ్గించడం, ఆపడం డాక్టరు చెబితేనే. కన్ను బాగుంది కదా అని మానేస్తే గ్రాఫ్ట్‌నే పోగొట్టుకోవచ్చు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ సీసాలో మందు అడుగుకు చేరుతుంది, ప్రతిసారీ బాగా కదిలించాలి. రెండు రకాల చుక్కల మధ్య అయిదు నిమిషాలు ఆగాలి. ఈ మందు కొందరిలో కంటి ఒత్తిడి పెంచుతుంది, బయటికి ఏమీ తెలియదు, అందుకే కొలిపించుకుంటూ ఉండాలి. ఎండాకాలం సీసాను బండి డిక్కీలో, కిటికీ దగ్గర వదిలేయొద్దు.

రాత్రి కంటి మీద షీల్డ్, అంటే గట్టి మూత పెట్టుకునే పడుకోవాలి. తలస్నానం చేసేటప్పుడు తల వెనక్కి వంచి ఇంకొకరితో పోయించుకోవాలి, ముఖం మీదికి నీళ్లు రాకూడదు. కొన్ని వారాలు బరువులు ఎత్తకూడదు. గ్రాఫ్ట్ అతుకు ఎన్నేళ్లయినా మునుపటి కార్నియా అంత గట్టిపడదు. ఒడిలో చంటిపిల్ల విసిరిన చెయ్యి తగిలినా చాలు, అతుకు విడిపోవచ్చు. గూగూడు పీర్ల పండుగ తొక్కిసలాటలోకి, దేవరగట్టు బన్ని కర్రల మధ్యకు వెళ్లకండి, ఎంత మొక్కు ఉన్నా దూరం నుంచే దండం పెట్టుకోండి. బయటికి వెళ్తే పాలికార్బొనేట్ అద్దాలు, బండి మీద అద్దం దించిన హెల్మెట్.

కొత్త కార్నియాకు చాలాకాలం స్పర్శ ఉండదు. కుట్టు వదులైనా, చీము పట్టినా నొప్పి తెలియకపోవచ్చు. కాబట్టి నొప్పి లేదని ధైర్యపడొద్దు. నేను ఇప్పటికీ రోజూ పొద్దున కిటికీ దగ్గర అద్దం పట్టుకుని, రెప్ప పైకెత్తి, ఎక్కడైనా తెల్లచుక్క ఉందా, కుట్టు దారం పైకి లేచిందా అని చూసుకుంటాను. తర్వాత కుడి కన్ను మూసి గోడ మీది క్యాలెండరులో తిథి అక్షరాలు చదువుతాను. నిన్న కనబడిన అక్షరం ఇవాళ కనబడకపోతే అది కబురే. ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, నొప్పి. వీటిలో ఏ ఒక్కటి కొన్ని గంటల్లో తగ్గకపోయినా, ఆదివారమైనా పండగైనా ఆ రోజే బయలుదేరాలి. తిప్పికొట్టడం మొదట్లోనే పట్టుకుంటే చుక్కలతోనే చాలా గ్రాఫ్ట్‌లను నిలబెట్టగలరు. ఇది ఆపరేషనైన ఏళ్ల తర్వాత కూడా రావచ్చు.

గ్రాఫ్ట్ అయిన కంటి హడావుడిలో రెండో కంటి స్కాన్ మరిచిపోతుంటారు. కెరటోకోనస్ దాదాపు ఎప్పుడూ రెండు కళ్లకూ వస్తుంది, ఒకటి ముందూ ఒకటి వెనకా. ఆ రెండో కంటికే సీ3ఆర్ సమయం ఇంకా మిగిలి ఉండొచ్చు. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా, ముఖ్యంగా పదిహేను ఇరవై ఏళ్ల మధ్య ఉండి కళ్లు నలుపుకునే అలవాటున్నవాళ్లకు, తోడుగా వచ్చిన రోజే ఒక టోపోగ్రఫీ చేయించండి.